బరువు తగ్గించే సూది: అమ్మేవాళ్లను తూచడం ఎలా?



ఫోన్‌లో ఒక్కసారి బరువు తగ్గడం గురించి వెతికితే చాలు, ఆ తర్వాత ఏం తెరిచినా అదే ప్రకటన ఎదురవుతుంది. వారానికి ఒక్క సూది. ఇంట్లోనే వేసుకోవచ్చు. ఆసుపత్రికి వెళ్లక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ ప్రకటనలో బొమ్మ ఎక్కువగా ఆడవాళ్లదే. ఎందుకో మనకు తెలియనిది కాదు. పెళ్లికి ముందు లావయ్యావని, కాన్పు తర్వాత ఇంకా తగ్గలేదని, నలభై దాటాక ఒళ్లు వచ్చిందని మాటలు పడేది ఆడవాళ్లే. ఆ మాటలు పడి పడి విసిగిన మనిషికి, ఎవరికీ తెలియకుండా పని అయిపోతుందంటే చెయ్యి అటే పోతుంది.

అమెరికాలో ఇది కొన్నేళ్లుగా పెద్ద వ్యాపారం. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్ల ఇళ్లలోనూ ఈ మందుల పేర్లు వినపడుతున్నాయి. 2025లో ఈ సూదులు మన మందుల షాపుల్లోకీ వచ్చేశాయి. అందుకని, ఆన్‌లైన్‌లో ఈ మందులు ఇచ్చే సంస్థల్లో ఏది మంచిదో ఏది కాదో ఒక ఆడమనిషి ఎలా పోల్చుకోవాలన్నది ఈ రోజు మాట్లాడుకుందాం. నా మాట ముందే చెప్పేస్తాను. ధర చూసి పోల్చుకుంటే సరిపోదు. మందు ఇచ్చే ముందు ఆ సంస్థ మిమ్మల్ని ఏమేం అడుగుతోందో చూడండి. తక్కువ ప్రశ్నలు అడిగే చోట తక్కువ జాగ్రత్తే ఉంటుంది.

ముందు మందు సంగతి. ఇప్పుడు ఎక్కువగా వినపడేవి రెండు. ఒకటి సెమాగ్లుటైడ్. డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌ది. షుగర్‌కి ఇచ్చే సూది పేరు ఒజెంపిక్, బరువుకు ఇచ్చే సూది పేరు వేగోవి. రెండోది టిర్జెపటైడ్. అమెరికా కంపెనీ ఎలై లిల్లీది. అమెరికాలో షుగర్‌కి మౌంజారో, బరువుకు జెప్‌బౌండ్ అని అమ్ముతారు. మన దేశంలో ఎలై లిల్లీ రెండింటికీ మౌంజారో అనే పేరే వాడుతోంది. తిన్న తర్వాత మన పేగుల్లో పుట్టే హార్మోన్ల పనినే ఇవి ఇంకా గట్టిగా చేస్తాయి. ఆకలి తగ్గుతుంది. పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది. నాలుగు ముద్దలకే చాలనిపిస్తుంది.

పని చేస్తాయా అంటే, చేస్తాయి. 2021లో వెలువడిన పెద్ద పరీక్షలో సెమాగ్లుటైడ్ తీసుకున్నవాళ్లు 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గారు. మందు లేని సూది తీసుకున్నవాళ్లు 2.4 శాతం తగ్గారు. మరుసటి ఏడాది వచ్చిన పరీక్షలో టిర్జెపటైడ్ పెద్ద డోసు మీద ఉన్నవాళ్లు 72 వారాల్లో దాదాపు 21 శాతం తగ్గారు. అంటే 80 కిలోల మనిషి మొదటి మందుతో ఓ 12 కిలోలు, రెండో మందుతో 16, 17 కిలోలు తగ్గినట్టు. వాళ్లు మందుతోపాటు తిండి తగ్గించారు, వ్యాయామం చేశారు. అది మరిచిపోకూడదు.

ఇంకో లెక్క కూడా ఉంది. ప్రకటనల్లో అది కనపడదు. సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్లను ఏడాది తర్వాత తూచి చూస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. అంటే ఇది నెలా రెండు నెలల కోర్సు కాదు. ఏళ్ల తరబడి సాగే వ్యవహారం. మందు ఇచ్చే సంస్థతో మీ సంబంధం కూడా ఏళ్ల తరబడి ఉంటుంది. పోల్చుకోవడం ముఖ్యమయ్యేది అందుకే.

ఇక అమ్మేవాళ్ల సంగతి. ఈ వ్యాపారం బాగా ముదిరింది అమెరికాలో కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. అక్కడ మూడు రకాల వాళ్లున్నారు.

మొదటి రకం, మందు తయారుచేసిన కంపెనీయే నేరుగా అమ్మేది. ఎలై లిల్లీ 2024 జనవరిలో లిల్లీ డైరెక్ట్ అని మొదలుపెట్టింది. నోవో నార్డిస్క్ 2025 మార్చిలో నోవోకేర్ ఫార్మసీ పెట్టింది. ఇక్కడ మందు అసలుదా నకిలీదా అన్న భయం లేదు. వేగోవి ముద్రిత ధర 2025లో అక్కడ నెలకు 1,300 డాలర్ల పైమాటే. బీమా లేకుండా సొంత డబ్బుతో కొనేవాళ్లకు నోవోకేర్ మొదట్లో 499 డాలర్లకు ఇచ్చింది, తర్వాత ఇంకా తగ్గించింది. అయితే ఇది మందు కొనే చోటు. మీకు ఆ మందు కావాలా వద్దా అని నిదానంగా ఆలోచించే డాక్టర్ ఉన్నాడా లేదా అన్నది మీరే చూసుకోవాలి.

రెండో రకం, ఆన్‌లైన్ క్లినిక్‌లు. రో అనే సంస్థ ఉంది. హిమ్స్ అండ్ హర్స్ ఉంది, ఇందులో హర్స్ ఆడవాళ్ల కోసం పెట్టిన విభాగం. 1963 నుంచి ఉన్న వెయిట్ వాచర్స్ 2023లో సీక్వెన్స్ అనే ఆన్‌లైన్ క్లినిక్‌ను కొని, తనూ మందులు రాయించే పనిలోకి దిగింది. ముట్లు ఆగే వయసు ఆడవాళ్ల కోసం మిడి హెల్త్ లాంటివి ఉన్నాయి. వీటిలో కొన్నిచోట్ల సభ్యత్వ రుసుము వేరు, మందు ఖర్చు వేరు. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనపడేది ఒక్క రుసుమే కావచ్చు. అందుకని రెండూ కలిపి నెలకు ఎంతో అడగాలి. ప్రకటన చేసేవాళ్ల సంగతి కూడా తెలుసుకోవాలి. 2025లో టెన్నిస్ క్రీడాకారిణి సెరీనా విలియమ్స్ రో తరఫున ప్రకటనల్లోకి వచ్చింది. ఆమె భర్త ఆ కంపెనీలో పెట్టుబడిదారు. దాచిపెట్టిన సంగతేమీ కాదు. కానీ ప్రకటన చూసి ముచ్చటపడే వాళ్లలో ఎంతమందికి తెలిసి ఉంటుంది?

మూడో రకం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. అమెరికాలో కాంపౌండింగ్ ఫార్మసీలని ఉంటాయి. డాక్టర్ రాసినట్టు ఒక్కో రోగికి మందును విడిగా కలిపి ఇస్తాయి. 2022 నుంచి సెమాగ్లుటైడ్‌కు అక్కడ కొరత వచ్చింది. కొరత ఉన్నప్పుడు ఇలాంటి ఫార్మసీలు అదే మందును కలిపి అమ్ముకోవడానికి చట్టంలో వెసులుబాటు ఉంది. దాంతో ఆన్‌లైన్ సంస్థలు వాటితో చేతులు కలిపాయి. హిమ్స్ అండ్ హర్స్ 2024 మేలో నెలకు 199 డాలర్ల నుంచి ఇస్తామని ప్రకటించింది. వెయ్యి డాలర్ల పైన ఉన్న మందు రెండు వందలకే వస్తుంటే జనం ఎగబడ్డారు.

అయితే ఇలా కలిపిన మందును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షించి ఆమోదించదు. ఇది చాలామందికి తెలియలేదు. అసలు వేగోవి ఒక్కో డోసు కొలిచి నింపిన పెన్నులో వస్తుంది. కలిపిన మందు చాలాచోట్ల సీసాలో వస్తుంది. మనమే సిరంజీలోకి ఎక్కించుకోవాలి. ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని యూనిట్లు అన్న దగ్గర తికమకపడి, అనుకున్న డోసుకు 5 రెట్లు, 10 రెట్లు, 20 రెట్లు దాకా వేసుకున్నవాళ్లు ఉన్నారని 2024 జులైలో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. వాంతులతో ఆసుపత్రి పాలైనవాళ్లూ ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో కొరత తీరిందని ఎఫ్‌డీఏ తేల్చింది. ఆ ఏడాది వసంతానికల్లా ఈ మందును అచ్చం నకలుగా కలపడం ఆపాలని గడువులు పెట్టింది. అయినా ఒక్కో మనిషికి తగ్గట్టు డోసు మారుస్తున్నామనో, విటమిన్ కలిపామనో చెప్పి అమ్మకం సాగించినవాళ్లున్నారు. ఆ ఏప్రిల్‌లో నోవో నార్డిస్క్, హిమ్స్ అండ్ హర్స్ ఒప్పందం చేసుకున్నాయి. రెండు నెలలు తిరగకుండానే ఈ కలిపిన మందుల గొడవ మీదే విడిపోయాయి. సెప్టెంబరులో ఎఫ్‌డీఏ ఇలాంటి ప్రకటనల మీద చాలా ఆన్‌లైన్ సంస్థలకు హెచ్చరిక లేఖలు పంపింది.

కాబట్టి పోల్చుకునేటప్పుడు మొదటి ప్రశ్న ఇది: మీరు పంపే మందు ఎవరు తయారుచేసింది? కంపెనీ పేరు, మందు పేరు, బ్యాచ్ నంబరు చెప్పగలరా? పెళ్లి సంబంధానికి అటేడు తరాలు, ఇటేడు తరాలు చూడాలనే వాళ్లం మనం. ఒంట్లోకి ఎక్కించుకునే మందుకు కనీసం పుట్టిల్లైనా అడగాలి కదా. 2024 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా బ్రెజిల్, బ్రిటన్, అమెరికాల్లో నకిలీ సెమాగ్లుటైడ్ దొరికిందని హెచ్చరిక ఇచ్చింది.

రెండో ప్రశ్న: నా బరువు, ఎత్తు మీరెలా నిర్ధారించుకుంటారు? ఈ మందులు అందరికీ కాదు. శరీర ద్రవ్య సూచిక, అంటే బీఎంఐ, 30 దాటినవాళ్లకు ఇస్తారు. 27 దాటి, దానికి తోడు బీపీ, షుగర్, నిద్రలో ఊపిరి ఆగడం లాంటి జబ్బు ఉన్నవాళ్లకు కూడా ఇస్తారు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న ఆడమనిషికి 30 అంటే దాదాపు 77 కిలోలు. 27 అంటే 69 కిలోలు. పెళ్లినాటికి ఐదు కిలోలు తగ్గాలనుకునే అమ్మాయి ఈ లెక్కలోకి రాదు. కానీ ఆన్‌లైన్ ఫారంలో 58 ఉన్న చోట 78 అని కొట్టడానికి ఎంతసేపు? బ్రిటన్‌లో ఇదే జరుగుతోందని గొడవ వచ్చింది. అక్కడ ఫార్మసీలను నియంత్రించే జనరల్ ఫార్మస్యూటికల్ కౌన్సిల్ 2025 ఫిబ్రవరిలో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక్క ప్రశ్నల ఫారం చూసి బరువు మందు ఇవ్వకూడదు. వీడియోలో చూడాలి, లేదా ఎదురుగా చూడాలి, లేదా ఆ మనిషి వైద్య రికార్డులతోనో వాళ్ల డాక్టర్‌తోనో సరిచూసుకోవాలి. మీరు ఏ దేశంలో ఉన్నా ఈ కొలత పట్టుకోండి. మీ మాటను మాటగానే నమ్మి మందు పంపే సంస్థ మిమ్మల్ని గౌరవించినట్టు కాదు.

మూడో ప్రశ్న ఆడవాళ్లకు సంబంధించింది. నిజానికి ఇది వాళ్లు మనల్ని అడగాలి. మీరు గర్భం కోసం చూస్తున్నారా? ఇప్పుడు పాలిస్తున్నారా? గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా? గర్భంలో ఈ మందులు వాడకూడదు. గర్భం కావాలనుకుంటే కనీసం రెండు నెలల ముందే వేగోవి ఆపాలి, ఎందుకంటే అది ఒంట్లోంచి పోవడానికి వారాలు పడుతుంది. ఇంకో సంగతి. బరువు తగ్గితే పీసీఓఎస్ అనే అండాశయ సమస్య ఉన్న ఆడవాళ్లలో అండం విడుదల మళ్లీ గాడిన పడవచ్చు. ఏళ్లుగా నిలవని గర్భం అనుకోకుండా నిలవచ్చు. సంతోషమే, కానీ ఆ సమయానికి ఒంట్లో మందు ఉంటే ఆ సంతోషం వెంటే భయమూ వస్తుంది. పైగా టిర్జెపటైడ్ వల్ల పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి నోటితో వేసుకునే గర్భనిరోధక మాత్ర పూర్తిగా పనిచేయకపోవచ్చు. మందు మొదలుపెట్టాక నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ ఇంకో నాలుగు వారాలు వేరే జాగ్రత్త కూడా తీసుకోవాలని ఆ మందు కాగితంలోనే ఉంటుంది. 2025 జూన్‌లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ దీని మీద ప్రత్యేకంగా సూచనలిచ్చింది.

మన తెలుగు రాష్ట్రాల్లో చాలామంది ఆడవాళ్లు ఇద్దరు పిల్లలు కాగానే ఆపరేషన్ చేయించుకుంటారు. వాళ్లకు ఈ చింత లేకపోవచ్చు. కానీ కొత్తగా పెళ్లయినవాళ్లు, పిల్లల కోసం మందులు వాడుతున్నవాళ్లు, పీసీఓఎస్ ఉన్న అమ్మాయిలు ఉన్నారు. ఈ సూదులవైపు ముందుగా చూసేదీ వాళ్లే. ఈ ప్రశ్న అడగని సంస్థ ఏదైనా సరే, అది ఎంత చవకగా ఇచ్చినా, ఆడవాళ్ల కోసమని ఎంత అందంగా ప్రకటించినా, దాన్ని అక్కడితో వదిలేయండి.

నాలుగో ప్రశ్న పాత జబ్బులది. ఇంట్లో ఎవరికైనా మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా? మీకు క్లోమగ్రంథి వాపు, అంటే ప్యాంక్రియాటైటిస్, ఎప్పుడైనా వచ్చిందా? పిత్తాశయంలో రాళ్లున్నాయా? రాళ్లు మామూలుగానే ఆడవాళ్లలో ఎక్కువ. వేగంగా బరువు తగ్గితే ఇంకా ఎక్కువవుతాయి. తిండి విషయంలో మానసిక సమస్య ఉండి, తినడమే మానేసే అలవాటున్న అమ్మాయికి ఆకలి చంపే మందు ఇస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? థైరాయిడ్ అంటే చాలామంది ఆడవాళ్లు మాకూ ఉంది, మాత్ర వేసుకుంటున్నాం అంటారు. మామూలుగా కనపడే హైపోథైరాయిడ్ వేరు, ఆ క్యాన్సర్ వేరు. ఆ తేడా విడమరిచి చెప్పే డాక్టర్ ఉన్నాడా లేదా అన్నదే మన పరీక్ష.

ఐదో ప్రశ్న, మొదలుపెట్టాక ఏం చేస్తారు? వేగోవి 0.25 మిల్లీగ్రాములతో మొదలవుతుంది. నాలుగేసి వారాలకు ఒక మెట్టు పెంచుకుంటూ 2.4 దాకా వెళ్తారు. వికారం, వాంతులు, మలబద్ధకం ఎక్కువగా కనపడేది ఈ మెట్లు ఎక్కేటప్పుడే. అప్పుడు రాత్రిపూట ఫోన్ చేస్తే పలికేది మనిషా, యంత్రమా? డోసు పెంచాలా ఆపాలా అని తేల్చేది ఎవరు? జుట్టు సంగతి కూడా చెప్పాలి. జెప్‌బౌండ్ పరీక్షల్లో జుట్టు రాలిందని చెప్పినవాళ్లు ఆడవాళ్లలో నూటికి ఏడుగురు. మగవాళ్లలో నూటికి ఒక్కరు కూడా లేరు. చాలావరకు ఇది వేగంగా బరువు తగ్గడం వల్ల వచ్చేది. కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. ముట్లు ఆగిన వయసు ఆడవాళ్లకు ఎముకల బలం అసలే తగ్గుతుంటుంది కాబట్టి, పప్పు, గుడ్డు, పెరుగు, చేప ఎంత తినాలో, బరువులెత్తే వ్యాయామం ఎలా చేయాలో చెప్పే మనిషి కావాలి. ఒట్టి సూది మాత్రమే పంపే సంస్థ సగం పనే చేస్తోంది.

ధర ఆరో ప్రశ్న. కావాలనే చివర పెట్టాను. ప్రకటనలో కనపడేది చాలాసార్లు మొదటి డోసు ధరే. మీరు అడగాల్సింది, ఆరు నెలల తర్వాత పెద్ద డోసుకు నెలకు ఎంతవుతుందని. ఏడాది డబ్బు ముందే కట్టమంటున్నారా? మందు ఒంటికి పడక మధ్యలో ఆపేస్తే తిరిగి ఇస్తారా? ఈ లెక్క ముందే వేసుకోకపోతే, డబ్బుల్లేక ఆపేయాల్సి వస్తుంది. ఆపితే బరువు తిరిగి వస్తుందని ఇందాకే చెప్పుకున్నాం.

ఇక మన దేశం. మౌంజారో 2025 మార్చిలో వచ్చింది. అప్పుడు వారానికి వేసుకునే 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375. అంటే మొదటి నెలే 14,000. వేగోవి జూన్‌లో వచ్చింది. మొదటి డోసుకు నెలకు 17,345 రూపాయలు పెట్టారు. నవంబరులో 10,850కి తగ్గించారు. డిసెంబరులో ఒజెంపిక్ వచ్చింది. 2026 మార్చితో సెమాగ్లుటైడ్ మీద మన దేశంలో పేటెంట్ గడువు తీరింది. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్‌తో సహా మన కంపెనీలు చాలా ముందు నుంచే దీనికోసం సిద్ధమయ్యాయి. ధర తగ్గేకొద్దీ ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు పెరుగుతారు. ఆ ప్రకటనలు చూసేముందు మూడు విషయాలు తెలిసి ఉండాలి.

ఒకటి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం కొన్ని జబ్బులకు మందులిస్తామని ప్రకటించకూడదు. ఆ జాబితాలో ఊబకాయం ఉంది. అంటే ఈ మందు వాడండి, బరువు తగ్గండి అని మీకు నేరుగా ప్రకటన ఇస్తే, అదే మొదటి ప్రమాద సూచన.

రెండు. ఫోన్‌లో, వీడియోలో వైద్యం చేయడానికి మన దేశంలో 2020 మార్చి నుంచి మార్గదర్శకాలున్నాయి. డాక్టర్ తన రిజిస్ట్రేషన్ నంబరును మందుల చీటీ మీద వేయాలి. కంప్యూటర్ ప్రోగ్రాం తనంతట తాను మందు రాయకూడదు. పేరూ, నంబరూ లేని చీటీ చీటీ కాదు.

మూడు. ఈ మందును వాడకముందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రిజ్‌లో ఉంచాలి. గడ్డకట్టించకూడదు. మేలో విజయవాడ ఎండలోనో రామగుండం ఎండలోనో కొరియర్ సంచిలో సగం రోజు తిరిగిన పెట్టె ఏ స్థితిలో మీ గుమ్మంలోకి వస్తుందో అడగండి. మంచు సంచితో, ఉష్ణోగ్రత చూపే పట్టీతో పంపుతారా? లేకపోతే పక్క వీధిలో ఫ్రిజ్ ఉన్న మందుల షాపే నయం.

ఇంకొక హెచ్చరిక. మూలికలు, సహజం, దుష్ప్రభావాలు లేవు అంటూ బరువు తగ్గించే పొడులు అమ్మేవాళ్లున్నారు. సిబుట్రమిన్ అనే పాత మందు గుండెకు చేటని మన ప్రభుత్వం 2011లో నిషేధించింది. మూలికల పేరుతో అమ్మే పొడుల్లో, మాత్రల్లో అది కలిసి ఉందని ఎఫ్‌డీఏ ఎన్నోసార్లు బయటపెట్టింది. చట్టబద్ధమైన సూదికి భయపడి అటు వెళ్తే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే.

ఇన్నీ విన్నాక ఏది మంచిదని అడుగుతారు. నా తీర్పు చెప్తాను. మన ఊళ్లలో ఉన్నవాళ్లు ముందు ఎదురుగా కూర్చుని చూసే డాక్టర్ దగ్గరకే వెళ్లండి. రక్తపరీక్షలు, బీపీ, పాత చీటీలు అన్నీ ఒకరు చూడాలి. ఆ తర్వాత సలహా కోసం ఫోన్ వాడుకోవచ్చు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉండి ఆన్‌లైన్ తప్పనివాళ్లు, అసలు కంపెనీ మందే ఇచ్చే చోటు, డాక్టర్ పేరు చెప్పే చోటు, బరువును స్వయంగా చూసి నిర్ధారించుకునే చోటు, గర్భం గురించి అడిగే చోటు ఎంచుకోండి. నెలకు పది డాలర్లు తక్కువన్నది ఆ తర్వాతి మాట. మీ అమ్మాయో కోడలో ఆన్‌లైన్‌లో ఏదో తెప్పించుకుంటోందని తెలిస్తే, ఎగతాళి చేయకండి, తిట్టకండి. ఎవరికీ తెలియకుండా కానివ్వాలన్న ఆరాటమే ఆ వ్యాపారానికి పెట్టుబడి. పక్కన కూర్చుని, ఇప్పుడు చెప్పుకున్న ఆరు ప్రశ్నలూ ఆమెతో కలిసి ఆ సంస్థను అడగండి. ఒక్కదానికి సూటిగా జవాబు రాకపోయినా డబ్బు కట్టకండి.